మూడు పూటల పాలు

పేరి సోమయాజులుగారు విజయనగరంలో తర్కం చెప్పే పెద్దాయన. ఆయనకు ఒక వింత అలవాటుండేది. ఎవరైనా సరదాకి వాదనకు దిగితే పొద్దు గూకేదాకా వాదించేవారు. నిజంగా బాధపడి ప్రశ్న వేస్తే మాత్రం వాదన కట్టిపెట్టి, "చూద్దాం" అనేవారు. ఆ చూడడం రేపు కావచ్చు, వచ్చే నెల కావచ్చు.

ఆయన శిష్యుల్లో హైమవతి ఒకతె. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి, కాలేజీలో లెక్కలు చెప్పేది. నాలుగేళ్ల కిందట ఒక జ్వరం వచ్చి తగ్గింది గాని, అది పట్టుకుపోయిన సత్తువ మాత్రం తిరిగి రాలేదు. స్నానం చేసి తల దువ్వుకుంటే ఆ పూటకు ఆమె ఓపిక సరి. ఎప్పుడైనా కాస్త బాగుంది కదా అని నాలుగు బట్టలు ఉతికితే ఆ రోజు ఏమీ అయ్యేది కాదు. మర్నాడు మొదలయ్యేది, ఇక వారం దాకా మంచం దిగేది కాదు. రక్తపరీక్షల్లో ఏమీ దొరకలేదు. ఏమీ దొరకలేదు కనకే చుట్టాలకు నోళ్లు లేచాయి. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని ఒకరు, ఒళ్లు వంచితే అదే పోతుందని ఇంకొకరు. ఇన్ని మాటలు పడుతూనే నెలకు రెండుసార్లు ఆటోలో వచ్చి, గురువుగారి వసారాలో చాప మీద పడుకుని పాఠం వినేది. గురువు ఎదట ఆ పడుకోవడమేమిటని ఇంటావిడ గొణిగితే, "తర్కానికి వెన్నెముక ఉండాలి గాని, అది నిటారుగా ఉండాలని ఎక్కడా రాయలేదులే" అన్నారాయన.

ఒకరోజు పాఠం మధ్యలో ఆమె ఒక అచ్చుకాగితాన్ని గురువుగారి ముందుకు జరిపింది. ఊళ్లో డాక్టర్ శివానందంగారు ఈ జబ్బు మీద చేసిన పరిశోధన అది. నలభై మంది చేత పన్నెండు వారాలు, రోజురోజుకూ కాస్త కాస్త పెంచుతూ నడిపించారు. చివరి పరీక్షలో నూటికి ఎనభై మంది మొదటికంటే ఎక్కువ దూరం నడిచారట. కనక ఇది నడిస్తే వదిలే నీరసమే తప్ప జబ్బు కాదని తేల్చేశారు.

"నలభై మందిలో పదిహేను మంది మధ్యలోనే మానేశారు గురువుగారూ. ఎందుకు మానేశారో ఒక్క ముక్క లేదు. ఆసక్తి లేనివారని పక్కన పెట్టి, మిగిలిన పాతికమందికే లెక్క కట్టారు. పాతికలో ఇరవై మంది బాగుపడ్డారట. ఆ ఇరవైలో నేనూ ఉన్నాను!" ఆమె కాగితాన్ని వేలితో పొడిచి చూపింది. "సోమవారం లోగా రెండో విడత నడకకు ఒప్పుకుంటూ సంతకం చేయకపోతే కాలేజీవాళ్లు సెలవు పొడిగించరు. చేయకపోతే ఉద్యోగం పోతుంది, చేస్తే నేనే పోతాను. కంటితో చూసింది ప్రమాణమని మీరే చెప్పారు. ఆయన కళ్లారా చూశారు, టేపు పెట్టి కొలిచారు. నేను నడిచిన మాటా నిజమే. మరి ఇందులో అబద్ధం ఎక్కడుంది?"

సోమయాజులుగారు కాగితం మడిచి ఆమె చేతికి ఇచ్చేశారు.

"చూద్దాం. ఆదివారం పొద్దున రా అమ్మా. ఆవేళ ఒక గేదెను బేరం చేస్తున్నాను."

హైమవతికి ఒళ్లు మండింది. ఇక్కడ బతుకు పోతోందంటే ఈయనకు పాడి కావలసివచ్చిందా అనుకుంది. అయినా గురువు మాట కాదనలేక ఆదివారం వచ్చి, వసారాలో తన చాప మీద వాలింది.

పెరట్లో అప్పటికే డాక్టరుగారు ఉన్నారు. ఆయన రైతుబిడ్డ. చిన్నప్పుడు ఇంట్లో ఆరు గేదెలుండేవని చెప్పుకోవడం ఆయనకు ముచ్చట. పాడి తెలిసినవారు, కాస్త చూసిపెట్టమని గురువుగారు కబురంపితే సంతోషంగా వచ్చారు. హైమవతి చేత సంతకం పెట్టించమని గురువుగారికే చెప్పవచ్చునని, ఒప్పుకోలు కాగితం కూడా జేబులో పెట్టుకొచ్చారు.

గేదెను తోలుకొచ్చినవాడు సింహాద్రి. దూడను కాసేపు కుడవనిచ్చాడు, గేదె పాలు చేపింది. చూస్తుండగానే బకెట్టు నురగలతో నిండింది. కొలిస్తే ఆరు లీటర్లు.

"భేష్!" అన్నారు సోమయాజులుగారు. "కళ్లారా చూశాను, కొలిచాను. ఇంకేం కావాలి? బయానా ఇచ్చేస్తాను."

"ఆగండాగండి!" అంటూ డాక్టరుగారు అడ్డుపడ్డారు. "ఒక్క పూట పాలు చూసి గేదెను కొంటారా ఎవరైనా?" ఆయన వంగి పొదుగు తడిమి చూసి, సింహాద్రి వైపు తిరిగారు. "నిన్న సాయంత్రం పితకలేదు కదూ?"

సింహాద్రి తలపాగా తీసి బుర్ర గోక్కున్నాడు. "ఒక్క పూటేనండి బాబూ. అందరూ సేసేదే గదండి. పొదుగు బిగువుగా అవుపించకపోతే ఎవుడు కొంటాడండి?"

"చూశారా పంతులుగారూ! పూట ఎగ్గొట్టి తెచ్చాడు. అలా తెస్తే ఏ గేదైనా బకెట్టు నింపుతుంది. మా నాన్న వరసగా మూడు పూటలు దగ్గరుండి పితికించుకునేవాడు. మొదటి పూట అమ్మేవాడి గేదె, మూడో పూటకు గాని మన గేదె కాదు అనేవాడు. దీని అసలు సంగతి రేపు పొద్దున తెలుస్తుంది."

వసారాలో హైమవతికి ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. ఆఖరి పరీక్షకు ముందు మూడు రోజులు ఆమె మంచం మీద నుంచి కదలలేదు. తల దువ్వుకోలేదు, ఫోనులో మాట్లాడలేదు. చెల్లెలు అన్నం కలిపి పెట్టింది. నలుగురి ముందు కూలబడితే పరువు పోతుందని అంత ఓపికా దాచుకుని, ఆ ఒక్క పావుగంటలో ఖర్చుపెట్టి వచ్చింది. దాచిన సంగతి ఎవరికీ చెప్పలేదు. ముందు ఆమెకు సిగ్గు వేసింది. ఆ వెనకాలే, సిగ్గుపడవలసింది తానొక్కతే కాదని కోపం వచ్చింది. గోడ పట్టుకుని లేచింది. మెట్లు దిగి, పెరడంతా దాటి, గేదె పక్కన వచ్చి నిలబడింది.

"నేనూ పూట ఎగ్గొట్టే వచ్చాను డాక్టరుగారూ."

ఆయనకు అర్థం కాలేదు. ఆమె అర్థమయ్యేలా అంతా చెప్పింది. "మీ టేపు దగ్గర నడిచి ఇంటికి వెళ్లాక ఇరవై రెండు రోజులు కిటికీ వెలుగు కూడా భరించలేకపోయాను. బతికున్నావా అని మీ దగ్గర్నించి ఒక్క ఫోను రాలేదు. ఆ పదిహేను మందికైనా చేశారా? పొదుగు తడిమి ఎగ్గొట్టిన పూట కనిపెట్టారే, మనిషి దగ్గర ఆ మాత్రం అడగబుద్ధి కాలేదా మీకు?"

నలభై మంది ఒళ్లు అరగదీసుకుని నడిచిన చోట పన్నెండు వారాల్లో ఒక్కరూ అడగని మాట అది. పాలబకెట్టు పక్కన, కాళ్లు వణుకుతున్న మనిషి అడగవలసివచ్చింది.

డాక్టరుగారి మొహం కందిపోయింది. చెడ్డవాడేమీ కాదు. కాని అచ్చయిన మాటను వెనక్కి మింగడం ఎంత చదివినవాడికైనా కష్టమే. ఆయన హైమవతిని ఎగాదిగా చూసి, జేబులోంచి కాగితం తీశారు.

"అదంతా సరేనండి మేడమ్. ఇప్పుడు మీరు లేచి ఇంతదూరం నడిచి వచ్చారు. ఇంతసేపు నిలబడి మాట్లాడారు. మేమంతా కళ్లారా చూశాం. బాగానే ఉన్నారుగా?"

ఆమె ఓపిక అక్కడితో సరి. గేదెను కట్టిన గుంజను రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

సోమయాజులుగారు వచ్చి ఆమెకు చేయి ఆసరా ఇచ్చారు. రెండో చేత్తో డాక్టరుగారి కాగితం అందుకుని, మడిచి మళ్లీ ఆయన జేబులోనే పెట్టారు.

"రేపు పొద్దున రండి డాక్టరుగారూ" అన్నారు. "గేదె కోసం కాదు."