పట్టు జారిన ట్రిగ్గర్

దాలినాయుడు మాస్టారిని ఎవరేది అడిగినా, ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు ఏదో ఒక పని అప్పజెప్పేవారు. ఆ పని అయ్యేసరికి కొందరికి జవాబు దొరికేది, కొందరు అడిగిన సంగతే మరిచిపోయేవారు, ఒకరిద్దరు విసుక్కుని ఇంటికి పోయేవారు. ఆయన సైన్యంలో పాతికేళ్లు తుపాకులు బాగుచేసి వచ్చిన మనిషి. విజయనగరానికి అవతల, కొండ వాలున, గురి పందేలంటే ఇష్టమున్న కొందరు పెట్టుకున్న చిన్న రైఫిల్ క్లబ్బుకి ఆయనే గురువు, ఆయనే మరమ్మతుదారు.

ఆ క్లబ్బులో పోటీకి పనికొచ్చే రైఫిలు ఒక్కటే. దాన్ని ఇద్దరు ఆడవాళ్లు పంచుకునేవారు. పొద్దున్నే డ్యూటీకి వెళ్లేముందు ఆసుపత్రి నర్సు నూకరత్నం వచ్చేది. సాయంత్రం బడి విడిచాక లెక్కల టీచరు సౌదామిని వచ్చేది. నూకరత్నం నాలుగేళ్లు పెద్ద కావడంతో సౌదామిని ఆమెని ఏనాడూ "అక్కా" అని తప్ప పిలవలేదు. వచ్చే ఆదివారం రాష్ట్రపోటీలకి జిల్లా నుంచి ఒక్కరినే ఎంపిక చేస్తారు. సరిగ్గా ఆ కబురు వచ్చిన వారమే రైఫిలుకి జబ్బు చేసింది.

దాని ట్రిగ్గర్ చాలా తేలిక. వంద గ్రాములు, అంటే ఒక చిన్న జామకాయంత బరువు పడితే చాలు, వదిలేస్తుంది. గట్టి ట్రిగ్గర్ లాగితే చెయ్యి కదిలి గురి చెదురుతుంది కనుక పోటీ రైఫిళ్లకి అలా పెడతారు. అంత తేలికైనదాన్ని చూసుకోవడం మాత్రం తేలిక కాదు. సౌదామిని వేలు ఆనీ ఆనకముందే తూటా వెళ్లిపోవడం మొదలైంది. ఆమె ట్రిగ్గర్ దగ్గరున్న చిన్న స్క్రూని పావు చుట్టు బిగించింది. మర్నాడు వచ్చి చూస్తే అది మళ్లీ వదులుగా ఉంది. ఇంకాస్త బిగించింది. ఆ మర్నాడూ అంతే. తను కాక ఆ రైఫిలు పట్టుకునేది ఇంకొక్క మనిషే. ఆదివారం తనతో పోటీపడేదీ ఆ మనిషే. ఈ లెక్క చెయ్యడానికి లెక్కల టీచరు కానక్కర్లేదని సౌదామిని అనుకుంది. మంగళవారం సాయంత్రం ఆమె తూటా పెట్టి, దాన్ని లోపలికి నెట్టే బోల్టు మూసిందో లేదో, వేలు ట్రిగ్గర్ మీద లేకుండానే రైఫిలు పేలింది. గొట్టం గురి లక్ష్యాల వెనకున్న మట్టిగట్టు వైపే ఉంది కనుక తూటా మట్టిలో దిగబడింది. ఎవరికీ ఏమీ కాలేదు.

మర్నాడు బడి అవగానే తిన్నగా మాస్టారి దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, మనకి చెడు తలపెట్టినవాళ్లెవరో తెలిసిపోయాక కూడా వాళ్లతో నవ్వుతూ మాట్లాడాలా?"

"ఎవరమ్మా వాళ్లు?"

"ఆవిడే. నేను బిగించిన స్క్రూ రోజూ వదులు చేసి పోతోంది. నిన్న నా చేతుల్లో దానంతటదే పేలింది."

నిన్నటిదాకా అక్క అయిన మనిషి ఇవాళ ఆవిడ అయిన సంగతి మాస్టారు విన్నారు గానీ విననట్టే ఉన్నారు. బీరువా తాళం తీసి రైఫిలు తెచ్చి బల్లమీద పెట్టారు. "ముందు బోల్టు బయటికి తియ్యి. లోపల తూటా లేదని కంటితో చూడు, వేలు పెట్టి చూడు. మాటలు తర్వాత."

ఆమె బోల్టు తీసి చూసింది. లోపల ఖాళీ. మాస్టారు అట్ట చిరిగిన పుస్తకం ఒకటి ముందు పెట్టారు. రైఫిలు క్లబ్బుకి వచ్చిన రోజున ఏ స్క్రూ ఎన్ని చుట్లు ఉందో అందులో రాసి ఉంది. "అన్నీ మొదట ఎలా ఉండేవో అలా పెట్టు. ఒక్కొక్కటే. రెండు ఒకేసారి ముట్టుకున్నావంటే ఏది చేసిన మేలో, ఏది చేసిన కీడో జన్మలో తెలీదు." ఆమె ఒక్కొక్కటీ సరిచేసింది. తూటా లేకుండానే బోల్టు వేసి మూసి, రైఫిలు మడమని చాప మీద మెల్లగా తట్టింది. ట్రిగ్గర్ పట్టు టిక్కుమని జారిపోయింది. మళ్లీ తట్టింది. మళ్లీ టిక్కు.

"స్క్రూలన్నీ సరిగ్గానే ఉన్నాయి కదండీ!"

"ఉన్నాయి. అయితే తప్పు స్క్రూది కాదు." మాస్టారు తృప్తిగా తలూపారు. సౌదామినికి మాత్రం ఎందుకో కాస్త నిరాశగా అనిపించింది. స్క్రూది కాకపోతే, స్క్రూ తిప్పిన మనిషిదీ కాదనాలి. అలా అనడానికి ఆమెకి ఇంకా మనసు రాలేదు.

మాస్టారు బోల్టు మళ్లీ తీయించి, కొయ్యపిడి విడదీయించి, ట్రిగ్గర్ పెట్టె ఊడదీయించారు. అగ్గిపెట్టెంత పెట్టె. అందులో వేలిగోరంత ఉక్కు కొక్కెం. పేలే యంత్రాన్నంతా ఆపి ఉంచేది ఆ కొక్కెమే. దాని చుట్టూ గోధుమరంగు జిడ్డు పట్టి ఉంది, పనసకాయ జిగురులా. అందులో దుమ్మూ, గుడ్డపీచూ అంటుకుని, కొక్కెం తన చోటికి పూర్తిగా పోలేక అంచుమీద వేలాడుతోంది. మాస్టారు గుండుసూదితో కాస్త జిడ్డు తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టారు.

కుట్టుమిషను నూనె. ఆ వాసన సౌదామినికి బాగా తెలుసు. ఇంట్లో అమ్మ మిషను దగ్గరి బుడ్డి నుంచి తెచ్చి, ప్రతి సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక రైఫిలుకి ఒక చుక్క వేసేది. ఎవరూ చెప్పకుండానే, ప్రేమతో.

ఆమె మొహం కందిపోయింది. "రోజుకి ఒక్క చుక్కేనండీ," అంది నెమ్మదిగా. ఆ వెంటనే ఆమెలోని లెక్కల టీచరు మేలుకుంది. "అయినా ఒక్క చుక్కకి ఇంత జిడ్డు పడుతుందా?"

అదే సమయానికి డ్యూటీ దిగిన నూకరత్నం చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. బల్ల మీదున్నది చూడనే లేదు. "మాస్టారూ, సాయంత్రం రమ్మన్నారు, వచ్చీసినాను. ఇయ్యాల పొద్దున్న రైఫిలు తాళంలో పెట్టీసినారు కదా, రోజూ వేసే చుక్క వెయ్యలేదు," అంటూ సంచిలోంచి చిన్న సీసా తీసింది. ఆ సీసాలోనూ కుట్టుమిషను నూనే.

మాస్టారు ఆ సీసా అందుకుని పక్కన పెట్టారు. సిగరెట్ లైటర్లో పోసే పెట్రోలు గిన్నెలోకి వంచి, మెత్తటి కుంచెని ఇద్దరి మధ్యా పెట్టారు. ఒకరు పట్టుకుంటే ఒకరు కడిగారు. జిడ్డంతా కరిగి, ఉక్కు అద్దంలా బయటపడింది. నీడన ఆరబెట్టాక, సూదిమొనతో ముట్టించినంత నూనె మాస్టారే వేశారు. మళ్లీ బిగించి, ట్రిగ్గర్‌కి యాభై గ్రాముల రాయి వేలాడదీశారు. పట్టు నిలిచింది. వంద గ్రాములది కట్టారు. చక్కగా వదిలింది. పదిసార్లు కడితే పదిసార్లూ అంతే. చాప మీద ఎంత తట్టినా జారలేదు.

సౌదామినికి ఇక ఉండబట్టలేదు. "అక్కా, నా స్క్రూ నువ్వే వదులు చేస్తున్నావనుకున్నాను. నిన్ను చాలా అనుమానించాను."

"చేసినాను కదేటి!" అంది నూకరత్నం. "పొద్దున్న చలికి ఈ జిడ్డు గడ్డకట్టి ట్రిగ్గర్ బిర్రబిగుసుకుపోతే, నువ్వే నామీద పగతో బిగిస్తన్నావనుకున్నాను. పొద్దున్నొచ్చి మాస్టారితో అదే చెప్పినాను, ఏడ్చినాను కూడాను."

"ఆయనేమన్నారు?"

"ముందు బోల్టు బయటికి తియ్యమన్నారు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. నూకరత్నం ఆసుపత్రి సంచి జారి, లోపలున్న దూదంతా నేల మీద దొర్లింది.

ఆదివారం పోటీలో రైఫిలు ఒక్కసారి కూడా మొరాయించలేదు. నూకరత్నం రెండు పాయింట్ల తేడాతో గెలిచింది. సౌదామినికి బాధ లేదంటే అబద్ధమే. అయినా చివరి గుండు పడగానే అందరికంటే ముందు "అక్కా" అని కేకేసింది తనే. తిరుగుదారిలో, ఆటోలో మాస్టారిని మధ్యన కూర్చోబెట్టుకుని ఇద్దరూ వాదులాడుకున్నారు. రోజూ వేసిన నూనెలో ఎక్కువ తనదేనంటే తనదేనని, తప్పు తన నెత్తిన వేసుకోవాలని ఇద్దరికీ పంతం. సింహాచలం కొండ చూసి ఒట్టు పెట్టుకోవడం ఒక్కటే మిగిలింది. చివరికి సౌదామిని అడిగింది: "మీరే చెప్పండి మాస్టారూ, ఆ జిడ్డులో ఎవరి నూనె ఎక్కువ?"

మాస్టారు ఈసారి ఏ పనీ చెప్పకుండానే జవాబిచ్చారు.

"అది పెట్రోల్లో కరిగిపోయింది గదమ్మా. ఒకళ్లది ఇటూ, ఒకళ్లది అటూ అని నేను విడదీసి పారబొయ్యలేదు."