సోమిలి పెట్టిన పొగ

అనగనగా ఒక చలికాలం. ఏ ఏటి చలికాలమో అడగకండి, మా అవ్వకు వాళ్ల అవ్వ చెప్పేనాటికే అది పాతబడిపోయింది. దగ్గరికి జరగండి. దుప్పటి చెవుల మీదికి లాక్కోండి. మధ్యమధ్య ఊ కొట్టండి. ఊ కొట్టేవాళ్లు లేకపోతే కథ దారి తప్పుతుంది. ఈ కథలో ఎలాగూ ఒకడు దారి తప్పబోతున్నాడు, వాడొక్కడు చాలు మనకి.

ఆ చలికాలంలో ఒక కొండ. పేరు ముసుగుకొండ. పుష్యమాసం వచ్చిందంటే కొండ నెత్తి మీది నుంచి పాదాల దాకా తెల్లటి మంచు దిగేది. పొద్దు ఉంది, కనబడదు. దారి ఉంది, కనబడదు. చెయ్యి చాపితే మీ చెయ్యే మీకు ఎవరిదో అనిపించేది.

కొండ కింద వెదురుగొంది అనే ఊరు. ఊరు దాటి రెండు గుట్టలు దిగితే కోనసామి గుడి. గుడంటే గోపురాలూ గంటలూ కాదు తల్లీ. ఒక వంగిన బండ, దాని కింద నల్లటి రాయి. ఆ రాయే సామి. మనల్ని కన్న సామి, మనం చెప్పింది వినే సామి.

ఆ సామికి నగలు లేవు, పట్టుబట్టలు లేవు. ఏడాదికొక్కసారి పుష్య పున్నమినాడు కాస్త పునుగు రాసేవారు, అంతే. పునుగంటే తెలుసుగా. పునుగుపిల్లి ఒంటి నుంచి వచ్చే సుగంధం. బూడిదరంగు బొచ్చు, దాని మీద నల్లటి చుక్కలు, పొడుగాటి తోక. మనిషి అలికిడైతే నీడలాగా జారిపోతుంది. దాన్ని చంపకూడదు, దెబ్బ తగలకూడదు. ప్రాణంతో పట్టి, వెదురు బోనులో ఉంచి, మధ్యలో ఒక చందనపు కర్ర నిలబెడితే, అది వచ్చి ఒళ్లు రుద్దుకుంటుంది. కర్రకంటిన పునుగు గీకి సామికి రాసి, పిల్లిని మళ్లీ కొండ మీదే వదిలిపెట్టేవారు. వెదురుగొంది వాళ్ల సేవ అది. వాళ్ల తాతలనాటి నుంచీ ఒక్క ఏడూ తప్పలేదు.

పిల్లిని పట్టడం తేలిక కాదు. దాని ముక్కు మహా ముక్కు. అందుకని మొదటి బోను కొండెక్కిన రోజు నుంచి పున్నమి దాకా ఇరవయ్యొక్క రోజులు, బోనులు పెట్టేవాళ్లకు మూడు కట్టుబాట్లు. కొండ మీద నిప్పు రాజేయకూడదు. చుట్ట కాల్చకూడదు. ఇంటికొచ్చినా పొయ్యి దగ్గరికి పోకూడదు. వాకిట్లోనే పడుకోవాలి, చల్లటి చోడి అంబలి తాగాలి. ఒంటికి పొగ వాసన సోకిందంటే పిల్లి ఆ కొండే వదిలి పోతుందని భయం. ఊళ్లో ఆడవాళ్లు వండుకుంటే ఊళ్లోనే. కొండ మాత్రం చల్లగా, పొగ లేకుండా, నిద్రలో ఉన్నట్టు ఉండాలి.

ఇక సోమిలి సంగతి చెప్తాను.

సోమిలి బోనులు అల్లేది. ఎడమకాలు కాస్త ఈడ్చి నడిచేది. పెళ్లైన మూడేళ్లకే మొగుడు పోయాడు. ఆ ఇంట్లో మిగిలింది సోమిలి, ఆమె మరిది గాసి. గాసి బోనులు పెట్టేవాడు, ఆమె అల్లేది. బద్ద మీద బద్ద, బద్ద కింద బద్ద. అల్లుతున్నంతసేపూ సామితో మాట్లాడుతూ ఉండేది, పక్కింటామెతో మాట్లాడినట్టు. "సామీ, ఈ బద్ద చూడు, ఎంత మొండిదో. సామీ, నా కాలు చూడు, ఈ వెదురుకంటే మొండిది."

వదినకూ మరిదికీ మాటకు మాట.

"వదినా, ఈ బోను తలుపు ఇంత చిన్నగా అల్లావేం? పిల్లి ఒళ్లు తగ్గించుకుని రావాలా?"

"పిల్లి కోసమే అల్లాన్రా. నీ కోసమైతే ఇంకా పెద్దగా అల్లేదాన్ని, నీ నోటికి సరిపడా."

ఆ ఏడు పద్దెనిమిది రోజులు గడిచాయి. ఒక్క పిల్లీ పడలేదు. పున్నమికి మూడే మూడు రోజులు. ఊరిపెద్ద సుక్రన్నకు ముద్ద దిగడం లేదు. సామి సేవ ఆ ఏటితో తెగిపోతుందేమోనని ఊరు ఊరంతా గుసగుసలాడుకుంటోంది.

గాసి తెల్లవారుతూనే బయల్దేరాడు. భుజాన కావడి, కావడికి రెండు ముంతలు. వాటినిండా జీలుగుచెట్టు కల్లు. పునుగుపిల్లికి జీలుగు కల్లంటే పిచ్చి కదా. బోనులో అదే ఎర.

సోమిలి వాకిట్లో నిలబడి అంది, "కల్లు పిల్లికిరా గాసీ."

"తెలుసు వదినా. పిల్లికి పోయగా మిగిలితేనే."

"మిగలదు."

"మిగలకపోతే పిల్లినే అడుగుతాను, నాకో గుక్క పెట్టమని."

నవ్వుకుంటూ మంచులోకి పోయాడు. రెండడుగులు వేసేసరికి మనిషి లేడు. మరో రెండడుగులు వేసేసరికి నవ్వు కూడా లేదు.

ఆ రోజు రాలేదు. మర్నాడు తెల్లవారింది, రాలేదు.

ఊళ్లో మగాళ్లు కొండెక్కారు. "ఓ గాసీ" అని కేకేశారు. మంచులోంచి "ఓ" అని జవాబొచ్చింది. తూర్పు నుంచి అనుకుని తూర్పుకు పోయారు. అక్కడ బండలున్నాయి, గాసి లేడు. మళ్లీ కేకేశారు. పడమటి నుంచి "ఓ" అంది. అటు పోయారు. అక్కడ లోయ ఉంది, గాసి లేడు. మూడోసారి కేకేస్తే నాలుగు దిక్కుల నుంచీ ఒకేసారి "ఓ" అంది. వాళ్ల కేక వాళ్లకే తిరిగొస్తోందో, గాసి పిలుస్తున్నాడో తెలియలేదు. పొద్దు ఉంది, కనబడదు. దారి ఉంది, కనబడదు. వేళ్లు కొంకర్లు పోయి, పెదాలు నల్లబడి దిగొచ్చేశారు.

"ఒక రాత్రి ఎలాగో గడిపినట్టున్నాడు. రెండో రాత్రి గడవదు," అన్నారు. అని తలలు వంచుకున్నారు.

సోమిలి కుంటుకుంటూ సుక్రన్న వాకిట్లోకి వచ్చింది.

"పెద్దయ్యా, కేక నాలుగు దిక్కులా తిరుగుతుంది. పొగ అలా తిరగదు. పొగ ఒక్క చోటి నుంచే వస్తుంది. కొండ మీద పొగ పెడతాను, నన్ను పోనీ."

సుక్రన్న చెడ్డవాడు కాడు. చేతిలోని కర్రతో నేల గీకుతూ అన్నాడు, "ఈ మంచులో పొగ ఎవరికి కనబడుతుందమ్మా?"

"కళ్లకు కాదు పెద్దయ్యా. పందొమ్మిది రోజుల నుంచి వాడి ముక్కు పొగ ఎరగదు. ఇప్పుడు వాడి ముక్కూ పిల్లి ముక్కూ ఒకటే."

సుక్రన్న కర్ర ఆగింది.

"నిజమే. కానీ పిల్లి కూడా పసిగడుతుంది కదా. పొగ పెట్టావా, ఈ ఏడు పిల్లి లేదు. పున్నమినాడు సామికి ఏ మొహం చూపిస్తాం?"

"నా మొహం చూపిస్తాను."

సుక్రన్న పొమ్మనలేదు, వద్దనలేదు. సోమిలికి అది చాలు.

ఇంటికొచ్చి పొయ్యిలోని నిప్పులు ఒక పాతకుండలో ఎత్తుకుంది. కుండ చంకన పెట్టుకుంది. పొడి కట్టెల కోసం చూస్తే ఊళ్లో అన్నీ మంచుకు నానిపోయి ఉన్నాయి. పొడిగా ఉన్నవల్లా చూరు కింద వేలాడుతున్న మూడు కొత్త బోనులు. పట్టిన పిల్లిని సామి దగ్గరికి తీసుకుపోయే బోనులు. వానాకాలమంతా కూర్చుని అల్లినవి, వెదురు తేనెరంగు తేలేదాకా నున్నగా తీసినవి. ఆ మూడూ వీపున కట్టుకుని కొండెక్కింది.

ఎలా ఎక్కిందో ఎవరూ చూడలేదు. కాలు ఈడ్చిన గీత మాత్రం మంచు పట్టిన గడ్డి మీద పామురేఖలాగా మిగిలిందట.

కొండ నడుం దగ్గర ఒక మలుపుంది. అక్కడ కూర్చుంది. మొదటి బోను విరిచింది. ఫెళ్లుమని విరిగింది వెదురు. నిప్పుల మీద వేసి ఊదింది, ఊదింది, ఊదింది. మంట లేచింది. మంట మీద పచ్చి ఆకు కప్పింది. పొగ పుట్టింది. చలి మంచులో పొగ పైకి పోదు నాయనా. నేల మీద పాకుతుంది, పిల్లలాగా, మోకాళ్ల మీద. సోమిలి పొగతో అంది, "పో తల్లీ. మా గాసి ఎక్కడున్నాడో చూసి రా." పొగ పోయింది. మొదటి బోను కాలిపోయింది. గాసి రాలేదు.

రెండో బోను విరిచింది. ఊదింది, ఊదింది, ఊదింది. "పో తల్లీ. మా గాసి ఎక్కడున్నాడో చూసి రా." పొగ పోయింది. రెండో బోనూ కాలిపోయింది. గాసి రాలేదు.

గాసి ఏమయ్యాడో తర్వాత వాడే చెప్పాడు, తల గోక్కుంటూ. ఒక ముంత బోనుల్లో పోశాడు. రెండో ముంత మూత తీసి చలికి ఒక గుక్క తాగాడు. ఒళ్లు వెచ్చబడింది. రెండో గుక్క తాగాడు, మంచు అందంగా కనబడింది. మూడో గుక్క తాగాడు, దారి తనంతట తానే నడుస్తున్నట్టనిపించింది. చలిలో కల్లు ఇచ్చే వెచ్చదనం అబద్ధపు వెచ్చదనం. ఒంట్లో ఉన్న వేడిని చర్మం మీదికి తెచ్చి మంచుకు పంచిపెడుతుంది. కొండవాళ్లకు అది తెలుసు. తెలిసీ తాగాడు. ఒక బండ కింద కూర్చుంటే రాత్రి ఎప్పుడు పోయిందో తెలియలేదు. పొద్దున మాత్రం చలి వెయ్యడం మానేసింది. అమ్మ ఒళ్లో పడుకున్నట్టుంది. తల దగ్గర ఒక పునుగుపిల్లి కూర్చుని ఖాళీ ముంత నాకుతోంది. వాడు చెయ్యి చాపితే పారిపోలేదు. దాని బొచ్చు మెత్తగా, అమ్మ చీరకొంగులాగా ఉందట. కలో నిజమో వాడికీ తెలియదు.

అప్పుడు పిల్లి ముక్కు ఎత్తింది. గాలి వాసన చూసింది. ఒక్క దూకు దూకి పోయింది.

గాసి కూడా ముక్కు ఎత్తాడు. చేదుగా, ఘాటుగా ఏదో వాసన. పందొమ్మిది రోజులుగా ఎరగని వాసన. కళ్లు తెరిస్తే అన్ని వైపులా ఒకటే తెలుపు, కళ్లు మూస్తే మాత్రం వాసన ఒక్క వైపు నుంచే వస్తోంది. కాళ్లు లేవలేదు. కళ్లు మూసుకుని, ముక్కు పట్టుకుపోయిన వైపు పాకాడు.

మలుపులో సోమిలి మూడో బోను విరిచింది. అది అన్నిటికంటే మంచి బోను. ఊదడానికి ఊపిరి లేదు. అయినా ఊదింది. "పో తల్లీ. ఇంక నా దగ్గర బోనులు లేవు."

పొగలోంచి ముందు ఒక చెయ్యి వచ్చింది. తర్వాత తల వచ్చింది.

"వదినా," అంది ఆ తల, "ఏం వండుతున్నావు? మాడిపోయినట్టుంది."

సోమిలి నవ్వబోతే దగ్గొచ్చింది. వాడి చేతులు తన చంకల్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత అంది, "కల్లు వాసన కొడుతున్నావురా, దొంగ వెధవా."

పొగ వాసనకు పిల్లులన్నీ కొండ వదిలి పోయాయి. ఆ ఏడు ఒక్కటీ పడలేదు.

పున్నమి వచ్చింది. వెదురుగొంది వాళ్లు ఖాళీ చేతులతో రెండు గుట్టలు దిగి గుడికి పోయారు. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. అన్న మాట ప్రకారం సోమిలి ముందు నడిచింది, గాసి భుజం పట్టుకుని. పూజారి గురన్న వెండిగిన్నె చాపాడు.

"పునుగేదమ్మా?"

సోమిలి రాయి ముందు కూర్చుంది, రోజూ మాట్లాడినట్టే మాట్లాడింది.

"సామీ, నీ బోనులు కాల్చేశాను. నీ పిల్లిని తరిమేశాను. నీ వాసన నీకు తేలేదు. వీణ్ని తెచ్చాను. వీడికి ఏ సుగంధమూ లేదు, నువ్వే చూసుకో. కోపమొస్తే నా మీద పడు, ఊరి మీద పడకు."

అని వంగి, కొంగు నేలకానించి దణ్ణం పెట్టింది. ఆ కొంగులో మూడు బోనుల పొగ ఉంది. బండ కింద ఇరుకు చోటు కదా, పొగ వాసన గుప్పుమని నిండింది. గురన్న కళ్లు మండి నీళ్లు తిరిగాయి. సుక్రన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. కళ్లు తుడుచుకుని చూస్తే, నల్లరాయి మీద, సామికి కళ్లు ఉండవలసిన చోట, రెండు నీటిచుక్కలు మెల్లగా జారుతున్నాయి.

మంచు కాలం, రాయికి చెమ్మ పడుతుంది అనేవాళ్లున్నారు. అననివ్వండి. గురన్న ఆ రెండు చుక్కలనూ వేలితో అద్ది సోమిలి నుదుట పెట్టాడు. వెండిగిన్నె పక్కన పెట్టి అన్నాడు, "సేవ అందింది. ఇంటికి పోయి వేడిగా తినండి."

సోమిలి దగ్గు మాత్రం తగ్గలేదు. మంచూ పొగా కలిసి ఛాతీలో కూర్చున్నాయి. మాఘమాసం వెళ్లకుండానే, ఒక మధ్యాహ్నం, సగం అల్లిన బోను ఒళ్లో ఉండగా, సామితో మాట్లాడుతూ మాట్లాడుతూ మాట ఆపేసింది. సామి ఏదో చెప్తుంటే వింటోందనుకున్నారట పక్కనున్నవాళ్లు.

ఇప్పుడు ఆ కొండల్లో పిల్లుల్ని ఎవరూ పట్టడం లేదు. పునుగు లేదు. కానీ పుష్య పున్నమినాడు కోనసామికి ముందుగా చూపించేది పచ్చి ఆకు పొగే. కర్పూరం ఆ తర్వాతే. ఆ పొగకు కళ్ల నీళ్లు వస్తే తుడుచుకోరు. ఇక, చలికాలంలో ముసుగుకొండ ఎక్కే ప్రతివాడూ, కట్టెలకు పోయేవాడైనా సరే, పెళ్లికి పోయేవాడైనా సరే, ఆ మలుపులో బండ కింద ఒక గుప్పెడు ఎండు వెదురు దాచి పోతాడు. ఎవరికోసమని అడిగితే, వెనక వచ్చేవాడికోసం అంటాడు.

మంచులో దారి తప్పినవాళ్లకు ఒక్కోసారి చేదుగా, ఘాటుగా వాసన వస్తుందట. చుట్టూ ఇల్లుండదు, పొయ్యి ఉండదు. అప్పుడు పెద్దవాళ్లు కేకలు ఆపమంటారు. పిల్లల చెయ్యి గట్టిగా పట్టుకుంటారు. "సోమిలి ఊదుతోంది, అటు నడవండి," అంటారు.

నడుస్తారు. ఊరొస్తుంది.

కథ కొండ దిగింది. లేవండి తల్లీ, చలిలో కూర్చోకండి. సామి మిమ్మల్ని వెచ్చగా ఉంచుగాక.