తెల్లపిట్టకు బూడిద పిల్లలు

చీరాలలో నూలుకు రంగులద్దే ఒకాయన డాబా మీద పెద్ద ఇనప జాలీ గూడు ఉంది. అందులో ఫించ్ అనే బుల్లి పిట్టలు కాపురాలు చేస్తుంటాయి. వింత రంగు పిట్టలంటే ఆయనకు ప్రాణం. ఏ పిట్టను ఏ పిట్టతో జతకడితే ఏ రంగు పిల్లలు పుడతాయోనని రోజంతా అదే ఆలోచన. ఆ ఏడు వెన్నెలరాజు అనే తెల్లటి మగపిట్టను తెచ్చి బూడిదరంగు బూదెమ్మతో జతకట్టాడు.

వెన్నెలరాజుకు తన తెలుపంటే వల్లమాలిన గర్వం. రోజుకు నాలుగుసార్లు నీళ్లచిప్పలో మునిగేవాడు. కొర్రపొట్టు ఒంటిమీద పడితే గూడంతా అదిరేలా దులుపుకునేవాడు. బూదెమ్మకు లోలోపల నవ్వొచ్చేది. అయినా గుడ్లు పొదగడంలో తన వంతు తప్పకుండా కూర్చునేవాడు గనక పోనీలే అనుకునేది.

గూడు పైభాగాన పిట్టలకోసం వేలాడదీసిన మట్టికుండల్లో, వాళ్ల కుండలో నాలుగు పిల్లలు పుట్టాయి. ఈకలు మొలిచాక చూస్తే నాలుగూ బూడిదే. పక్క కుండల పిట్టలు చాటుగా నవ్వుకున్నాయి. వెన్నెలరాజుకు తల కొట్టేసినట్లయి మేత మానేశాడు, పిల్లలకు పెట్టడమూ మానేశాడు.

ఈ కబురు డాబా మెట్ల మీద పడుకునే పసుపురంగు పిల్లి పసుపులమ్మ చెవిన పడింది. గూడు అడుగున పంజా దూరేంత సందు ఒకటుంది. పైనున్న కుండలు పిల్లికి అందవు, కింద పడినవైతే అందుతాయి. ఆ సంగతి పిల్లికీ తెలుసు, బూదెమ్మకూ తెలుసు.

పసుపులమ్మ జాలీ పక్కన చేరి, పిట్టల కష్టానికి తన నిద్రే పోయినట్టు చాలాసేపు నిట్టూర్చింది. తర్వాత అసలు మాటకొచ్చింది.

"రంగుల ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని, నా మాట విను అల్లుడూ. రంగు సరిగ్గా పట్టని నూలును ఇక్కడ ఎవరైనా దాచుకుంటారా? అవతల పడేసి కొత్తది ముంచుతారు. నువ్వూ ఈ నాలుగింటినీ కిందకు తోసెయ్. ఈసారి పుట్టేవి పాలనురగలా ఉండకపోతే నన్నడుగు."

ఆ ఇంట్లో రోజూ జరిగేది అదే గనక వెన్నెలరాజుకు ఆ మాట సబబుగానే తోచింది. లేచి కుండ అంచు మీదికి వచ్చాడు.

బూదెమ్మ చప్పున లేచింది. కుండ మూతికి అడ్డంగా నిలబడింది. పోట్లాడితే ఈ పూటకు ఆగుతాడు, మరి రేపు? మాటతో ఎక్కిన విషాన్ని మాటతోనే దించాలనుకుంది. తేనెలూరే గొంతుతో పిల్లిని పలకరించింది.

"పిన్నీ, నీకూ ఈమధ్యే నలుగురు పిల్లలు పుట్టారట. అందరూ నీలాగే పసుపేనా?"

కాకిపిల్ల కాకికి ముద్దంటారు, పిల్లి మాత్రం తక్కువ తిందా? పిల్లల మాట ఎత్తగానే పసుపులమ్మ ఆకలి మరిచిపోయింది.

"ఎక్కడే తల్లీ, ఒక్కదానికీ నా రంగు రాలేదు. పెద్దది నలుపు, అచ్చం మా అమ్మే. రెండోదానికి మచ్చలు, అది మా అమ్మమ్మ పోలిక. మిగతా రెండూ తండ్రి పోలిక. అయినా రంగెక్కడికి పోతుందిలే. మా అమ్మమ్మ మచ్చలు నాలో దాగి నా బిడ్డలో తేలలేదూ?"

"మరి ఆ నలుగురినీ మెట్ల మీంచి తోసేశావా పిన్నీ?"

"నోరు ముయ్యి. నా కడుపున పుట్టినవాటిని తోసుకుంటానా?"

అన్నాక గానీ తానేమందో పిల్లికి తెలియలేదు. వెన్నెలరాజు మాత్రం అంతా విన్నాడు. కుండలోకి తొంగిచూస్తే నాలుగు నోళ్లు ఆకలితో తెరుచుకుని ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. గబగబా వెళ్లి గొంతునిండా కొర్రలు నింపుకొచ్చి, నాలుగింటికీ వరసగా పెట్టాడు.

పసుపులమ్మ పిట్టజాతినంతా శపిస్తూ మెట్లు దిగింది. పిల్లి శాపాలకు ఉట్లు తెగవు గదా.

మరుసటి ఏడు ఆ పిల్లల్లో ఒకదాన్ని ఇంటాయన మరో తెల్లపిట్టతో జతకట్టాడు. దానికి పుట్టినవాటిలో రెండు తెల్లగా మెరిసిపోయాయి. నీ రంగు తిరిగొచ్చిందయ్యా అని పక్క కుండల పిట్టలు ఎగురుకుంటూ వచ్చి వెన్నెలరాజుకు చెప్పాయి. అతను అప్పుడు ఆ ఏడు పుట్టిన తన కొత్త బూడిదపిల్లకు మేత పెడుతున్నాడు.

"సంతోషం. దీని కడుపు నిండాక వచ్చి చూస్తాను," అన్నాడు.

దాగిన రంగు ఎప్పటికైనా తేలుతుంది గానీ, తోసేసిన బిడ్డ తిరిగి రాదు.