గడ్డిదూడకు కుడితి

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. వెనకున్నవాళ్ళు కూడా రండి, గొంతు పెంచి చెప్పే కథ కాదిది. కూచున్నారా? సరే.

కృష్ణ ఒడ్డున, కొండ కింద ఒక మఠం ఉండేది. మఠంలో బడి. ఆ బడికి పొలాల్లేవు, రాజుగారిచ్చే భత్యాల్లేవు. ఉన్నదల్లా ఒక ఆవుల మంద. కాచసాని అనే ఇల్లాలు ఏనాడో దాన్ని బడికి ధారపోసి ఒకే మాట అడిగింది.

"పాలు మీవి, పెరుగు మీది, నెయ్యి అమ్ముకుని బియ్యం కొనుక్కోండి. మంద మాత్రం తరగకూడదు. తరిగిందా, మిగిలింది మా ఇంటికి తోలుకుపోతాం."

ముసలి ఆవులు పోయేవి. పెయ్యలు ఎదిగి వాటి చోట నిలిచేవి. కాచసాని పోయి తరాలు గడిచినా బడిలో పొయ్యి ఆరలేదు.

ఒక ఏడు గురువు ఈశానయ్య బడిని పెద్ద శిష్యుడు కొమ్మనకు అప్పగించి శ్రీశైలం వెళ్ళాడు. ఆ ఏడే వానలు ముఖం చాటేశాయి. ఎండిన ఊళ్ళనుంచి తల్లిదండ్రులు పిల్లల్ని తెచ్చి వదులుతుంటే కొమ్మన ఎవరినీ కాదనలేకపోయాడు. అయ్యవారు తిరిగొచ్చేసరికి బడిని రెండింతలు చేశాననిపించుకోవాలని లోపల చిన్న ఆశ కూడా మొలిచింది.

పాలు చాలలేదు.

"ఆ ఒక్క చన్నూ వదిలేస్తున్నావేం?" అని కొమ్మన మందకాపరి బయ్యన్నను అడిగాడు.

"దూడ తాగాలి గద సామీ."

"పిల్లలు తాగొద్దా?"

"అట్టాగంటే నేనేం జెప్తా!"

"ఇవాళ్టి నుంచి అన్నీ పిండు."

పిండాడు. గిన్నెలు నిండాయి. పిల్లలు కొమ్మనకు దణ్ణాలు పెట్టారు. దూడలకు ఎముకలు తేలాయి. చలి ముదిరేసరికి ఒక్కొక్కటే పడిపోయాయి. దూడ లేకపోతే ఆవు పాలు చేపదు, పొదుగు బిగబట్టేస్తుంది. బయ్యన్న చచ్చిన పెయ్య తోలులో గడ్డి కుక్కి, కర్రకాళ్ళు తగిలించి తల్లి ముందు నిలబెట్టాడు. ఆవు ఆ తోలును నాకింది. పాలు చేపింది.

కొమ్మన తల తిప్పుకున్నాడు. పాలు మాత్రం పట్టుకుపోయాడు.

గురువు తిరిగొచ్చాడు. పంక్తిలో నిండుగా ఉన్న గిన్నెలు చూశాడు.

"ఇంతమందికి ఎలా సర్దావు నాయనా?"

"అంతా మీ దయ అయ్యవారూ."

ఈశానయ్య తన గిన్నె ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే కొమ్మన దొడ్లోకి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాడు. గురువు గడ్డిదూడను భుజాన మోసుకొచ్చి, పెయ్యలు కట్టే గుంజకు కట్టాడు. ముందు పచ్చగడ్డి వేశాడు. కుడితి పెట్టాడు. ఒళ్ళు తుడిచాడు.

"అయ్యవారూ, అది మెయ్యట్లేదు!" అని పిల్లలు పకపకా నవ్వారు.

"అలిగిందేమోరా," అన్నాడు ఆయన.

రెండోనాడూ అంతే. ఆ పై రోజూ అంతే. కొమ్మనకు ముద్ద దిగడం మానేసింది. అయ్యవారు తిడితే బాగుండు. ఒక్క మాట అడిగినా బాగుండు.

అంతలో కబురొచ్చింది. కాచసాని మునిమనవరాలు నాగసాని మందను చూడ్డానికి వస్తోందని. కొమ్మన పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యవారూ, ఆ గడ్డిదూడను దాచేద్దాం. ఆమె కంట పడితే మంద తోలుకుపోతుంది. ఇంతమంది పిల్లలు ఏమైపోతారు?"

గురువు దూడ వీపు తుడుస్తూనే ఉన్నాడు. "దాచడమెందుకు? మన మందలోదేగా."

నాగసాని వచ్చింది. వెంట తాళ్ళు పట్టుకున్న పాలేళ్ళు. వరసలన్నీ చూసుకుంటూ వచ్చి ఒకచోట నిలబడిపోయింది.

"ఇదేంటి అయ్యవారూ?"

"పెయ్య తల్లీ. కడుపునిండా గడ్డే. మా కొమ్మన పెంపకం."

ఎవరూ నవ్వలేదు. గురువు శిష్యుడి వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"ఇది ఎప్పుడు ఈనుతుంది నాయనా?"

గోడవారన గిన్నెలు పట్టుకున్న పిల్లలు కొమ్మన వంకే చూస్తున్నారు.

"ఈనదు అయ్యవారూ," అన్నాడు.

జరిగిందంతా తనే నాగసానికి చెప్పాడు, ఏదీ దాచకుండా. ఆమె విన్నది. పాలేళ్ళ వైపు చూసింది, పిల్లల వైపు చూసింది.

"సాయంత్రం పాలు పితికేది చూసి చెప్తాను," అంది.

పొద్దు వాలింది. కొమ్మన బయ్యన్న చేతిలో చెంబు తనే తీసుకున్నాడు. బతికి మిగిలిన దూడల్లో ఒకదాని పలుపు విప్పాడు. అది తూలుతూ వెళ్ళి పొదుగు కుమ్మింది. కొమ్మన చెంబు ఒళ్ళో పెట్టుకుని పక్కన గొంతుకూచున్నాడు. దూడ తాగుతోంది. వెనక ఎవరో చిన్నపిల్లాడి గిన్నె గోడకు తగిలి ఖంగుమంది.

"దూడను లాగనా సామీ?" అన్నాడు బయ్యన్న.

"ఉండు."

దూడ మూతినిండా నురగ. కొమ్మన కళ్ళు తుడుచుకోలేదు.

"ఇక లాగనా?"

"ఉండు బయ్యన్నా. దాన్ని తాగనీ."

నాగసాని దూడ పొదుగు వదిలేదాకా చూసింది. ఆపైన పాలేళ్ళతో, "తాళ్ళు చుట్టేయండి," అంది.

ఆ పూట గిన్నెలు సగమే నిండాయి. కొమ్మన గిన్నె బోర్లించే ఉంది. తెల్లారగానే అతను జోలె భుజాన వేసుకుని, పిల్లల గిన్నెల్లో మిగతా సగం అడిగి తేవడానికి వాన పడిన ఊళ్ళవైపు బయల్దేరాడు. గడప దాటేటప్పుడు చూశాడు. గుంజ దగ్గర గడ్డిదూడ లేదు. దాని చోట నిన్న పాలు తాగిన దూడ కట్టి ఉంది, ముందు కుడితి తొట్టి నిండుగా ఉంది.

సరే, ఇక లేవండి. చీకటి పడుతోంది, ఇళ్ళకెళ్ళి అన్నాలు తినండి. పెరుగు తక్కువైందని మాత్రం ఇవాళ అమ్మని సాధించకండర్రా.