తవిటయ్య కుటుంబం పట్నం చూసిన వైనం

కందిపేటలో తవిటయ్య, అతని భార్య సన్నెమ్మ, తమ్ముడు పోలయ్య ఉండేవారు. ఊరి తెలివంతా తమ ఇంట్లోనే పోగుపడిందని వాళ్ళ నమ్మకం. నిద్రలో అది చెవుల్లోంచి కారిపోతుందేమోనని తవిటయ్య తలకి తువ్వాలు బిగించుకుని మరీ పడుకునేవాడు.

ఒకరోజు బళ్ళో మాస్టారు, "హైదరాబాదు చూడ్డానికి రెండు కళ్ళూ చాలవయ్యా!" అన్నాడు.

"మనకి ముగ్గురికీ కలిపి ఆరున్నాయి. చక్కగా సరిపోతాయి," అన్నాడు తవిటయ్య. అంతే, మూటలు కట్టి రైలెక్కేశారు.

పట్నంలో దిగి గోల్కొండ బస్సెక్కారు. లోపల జనం కిటకిట. కండక్టరు, "ముందుకి జరగండి! ఆగకుండా జరగండి!" అని అరిచాడు. ఇంకేముంది, ముగ్గురూ జరిగారు. బస్సు ఓ చోట ఆగితే, ముందు తలుపులోంచి దిగి రోడ్డు మీద కూడా జరుగుతూనే ఉన్నారు. ఆటోవాళ్ళు తిట్టారు, స్కూటర్లవాళ్ళు తిట్టారు. మైళ్ళకొద్దీ నడిచి, ముక్కుకి పెద్ద రాతిగోడ తగిలాక ఆగారు.

"పట్నం అయిపోయినట్టుందయ్యా," అంది సన్నెమ్మ.

అది గోల్కొండ కోట. లోపల గైడు ఒకాయన, "ఈ గుమ్మం కింద చప్పట్లు కొడితే కొండ మీదికి వినిపిస్తుంది," అని చెబుతున్నాడు.

"అదేటో తేల్చేద్దాం," అన్నాడు తవిటయ్య. "ఒరే పోలయ్యా, మేం దిగొచ్చేదాకా కొడుతూనే ఉండు. చెయ్యి ఆపావో, నా తమ్ముడివి కాదు."

మొగుడూ పెళ్ళాం ఆయాసపడుతూ పైకెక్కారు. చప్పట్లు వినిపించాయి! సన్నెమ్మ మురిసిపోయింది.

"ఇక దిగుదామా?"

"వాడంత సరదాగా కొడుతుంటే మధ్యలో దిగిపోతామా? బాగుండదు. వాడు ఆపాక దిగుదాం," అన్నాడు తవిటయ్య.

వాళ్ళు దిగితేగాని వాడు ఆపడు, వాడు ఆపితేగాని వాళ్ళు దిగరు. మధ్యాహ్నమైంది. పోలయ్య అరచేతులు బూరెల్లా పొంగాయి. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. అయినా అన్నదమ్ముల బంధం తెగిపోతుందన్న భయంతో కొడుతూనే ఉన్నాడు. సాయంత్రం కాపలావాళ్ళొచ్చి పైవాళ్ళని తరిమితేగాని ఆ చప్పుడు ఆగలేదు.

ఇదంతా తెల్లబట్టల మనిషి ఒకాయన చూశాడు. ఎన్నికల్లో నిలబడ్డ ఓ నాయకుడికి ఆయన కుడిభుజం. "పొద్దుణ్ణించీ ఉత్త గోడకి చప్పట్లు కొట్టినవాడు, మా నాయకుడికి కొట్టడా?" అనుకున్నాడు. ముగ్గురి మెళ్ళో పార్టీ కండువాలేసి, బిర్యానీ పొట్లాలు చేతిలో పెట్టి, జీపెక్కించి సభకి తీసుకుపోయాడు.

సభలో నాయకుడు చేతులు చాపి, "నా ఇల్లు మీ ఇల్లే! నా గుమ్మం మీకెప్పుడూ తెరిచే ఉంటుంది!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టి ఊరుకున్నారు. మనవాళ్ళు మాత్రం మూటలు సర్దుకున్నారు.

"ఎంత మంచోడయ్యా! అడక్కుండానే ఇల్లు ఇచ్చేశాడు," అని కళ్ళు తుడుచుకుంది సన్నెమ్మ.

నాయకుడి ఇంటికి దారి కనుక్కుంటూ పోయారు. కండువాలు చూసి కాపలావాడు దణ్ణం పెట్టి లోపలికి పంపాడు. అంతే, సన్నెమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టింది. తవిటయ్య సోఫాలో కాలు మీద కాలేసుకున్నాడు. పట్నంలో దొంగలెక్కువని పోలయ్య కాపలావాణ్ణి ఇంటికి పంపేసి గేటుకి తాళం వేశాడు.

కాసేపటికి నాయకుడు కార్లతో, జనంతో, జిందాబాదులతో వచ్చాడు. ఆ గోలకి ముగ్గురూ గేటు దగ్గరికొచ్చారు.

"ఎవరు కావాలి బాబూ?" అన్నాడు తవిటయ్య గేటు లోపల్నించే.

"ఎవరు కావాలా? ఇది నా ఇల్లయ్యా!"

"మాది. మైకులో తమరే చెప్పారు. ఇంతమందీ విన్నారు."

"అదేదో మాటవరసకన్నాను!"

తవిటయ్య బుర్ర గోక్కున్నాడు. "బావ వరస తెలుసు, బాబాయి వరస తెలుసు. ఈ మాటవరస మనకేమవుద్దే, సన్నెమ్మా?"

"మనవైపు లేదయ్యా, ఆళ్ళవైపేమో," అంది సన్నెమ్మ.

జనం నవ్వారు. ఫోన్లు పైకి లేచాయి. నాయకుడికి తాళం పగలగొట్టించాలనే ఉంది. కానీ వారంలో ఓట్లు. కోపం దిగమింగి, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ గేటు ఊచల దగ్గరికి వంగి, "మీ కాళ్ళు పట్టుకుంటాను, తలుపు తియ్యండి," అని గొణిగాడు.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెద్దమనిషి అంతగా అడుగుతుంటే కాదంటే ఏం బాగుంటుంది? ఇంకేముంది, నేలమీద వరసగా కూలబడి, ఊచల సందుల్లోంచి కాళ్ళు బయటికి చాపారు.

"కానీండి బాబూ," అంది సన్నెమ్మ. "మా మరిదివి మాత్రం గట్టిగా పట్టుకోండి. మెల్లిగా పట్టుకుంటే ఆడికి చక్కిలిగింతలు."