సోమలింగం చెక్కిన కోళ్లు

అనగనగా అంటే ఎప్పుడు అని అడక్కండి. మా ముత్తాతని మేం అడగలేదు, ఆయన వాళ్ల ముత్తాతని అడగలేదు. ఇప్పుడు మీరొచ్చి అడిగితే నేనెక్కణ్ణించి తెచ్చేది? ఊరు మాత్రం చిత్తడిపాలెం. ఒకవైపు ఏరు, ఒకవైపు కొండ, మధ్యలో బురద. వానలొస్తే ఇళ్లలో నేల చెమ్మగిల్లేది. చాప పరిస్తే చాప నానేది, గోనె పరిస్తే గోనె నానేది, గడ్డి పరిస్తే గడ్డి కుళ్లేది.

మంచం వేసుకోవచ్చుగా అంటారు. అక్కడే వచ్చింది చిక్కు! ఆ ఊళ్లో దొరకి తప్ప ఎవరికీ మంచం ఉండకూడదు. దొర పడుకున్నంత ఎత్తున ఇంకొకడూ పడుకుంటే ఇక దొరతనం ఏముందని వాళ్ల పెద్దలు పెట్టిన కట్టుబాటు. జబ్బు చేసినవాణ్ణి మంచం పట్టాడు అంటాం కదా, ఆ ఊళ్లో మంచం పట్టడానికి కూడా మంచం లేదు.

అలాంటి ఊళ్లో సోమలింగం అని ఒక వడ్రంగి. దొర ఇంట్లో మంచాలన్నీ ఆయన చేతివే. కొండమీది నల్లమద్ది కర్ర తెచ్చి, రెండేళ్లు నీడన ఆరబెట్టి, అప్పుడుగాని ఉలి పెట్టేవాడు కాదు. మంచానికి నాలుగు కాళ్లుంటాయి చూడండి, వాటిని కోళ్లంటారు. సోమలింగం చెక్కిన కోళ్లమీద ఏనుగు పడుకున్నా కిర్రుమనదని పేరు. అంతటి పనివాడూ ఇంటికొచ్చి తడినేల మీదే నడుం వాల్చేవాడు. నుదుటి రాత, ఏం చేస్తాం అనుకునేవాడు.

ఆయనకి ఒక్కతే కూతురు, అచ్చాయమ్మ. ఉన్న ఊళ్లోనే ఇచ్చాడు. మొదటి కాన్పు వానల్లో వచ్చింది. బిడ్డకి చలి కమ్మింది, మూడో రోజున పోయింది. రెండో కాన్పూ వానల్లోనే వచ్చింది. ఆ బిడ్డ అయిదో రోజున పోయింది. మూడోసారి నెల తప్పింది. చూసుకుంటే అదీ వానల్లోనే పడేట్టుంది. ఆ తండ్రి గుండె ఎలా ఉంటుందో చెప్పండి!

మంత్రసాని నూకాలమ్మకి మొహమాటం లేదు. "లింగయ్యన్నా, ఉన్నమాట చెప్తాను, ఏడవకు. నీ కూతురి కడుపులో ఏ లోపమూ లేదు. లోపమంతా నేలది. ఈసారి దాన్ని నేలకి మూరెడు ఎత్తున పడుకోబెట్టావా, బిడ్డ దక్కుతుంది. లేదంటే నన్ను పిలవకు. ఇంకో పసిగుడ్డుని మట్టిలో పెట్టడం నావల్ల కాదు" అంది.

సోమలింగం దొర దగ్గరికి పరుగెత్తాడు.

"దొరా, నా కూతురికి ఒక్క మంచం."

"కుదరదు."

"పోనీ, ఒక బల్ల."

"బల్లకి కాళ్లుంటాయా?"

"ఉంటాయి దొరా."

"కుదరదు."

"పోనీ వట్టి చెక్క దొరా. కాళ్లు లేకుండా."

"చెక్క కింద రాళ్లు పెడతావు. నాకు తెలీదనుకున్నావా? నడు!"

ఆ రోజు నుంచీ సోమలింగానికి ఒకటే ధ్యాస. తింటుంటే మంచంకోళ్లు, నడుస్తుంటే మంచంకోళ్లు, ఎవరైనా పలకరిస్తే మంచంకోళ్లు.

శ్రావణం వచ్చింది. దొరకి మనవడు పుట్టాడు. దొర సంబరం పట్టలేక దండోరా వేయించాడు. "వినండహో! చిన్నదొర పుట్టిన సంబరానికి, ఊళ్లో నెలలు నిండిన ప్రతి ఆడమనిషికీ దొరగారు నాలుగు కోళ్లు ఇప్పిస్తున్నారహో!"

ఊరంతా ఏ కోళ్లనుకుంది? కూర వండుకునే కోళ్లనుకుంది. దొర చెప్పిందీ అవే. మీరూ అవే అనుకున్నారు, దాచకండి. సోమలింగం మాత్రం చిత్రిక కింద పెట్టి కూలబడి ఏడ్చాడు. వడ్రంగివాడికి కోళ్లంటే ఏమిటి మరి!

"నూకాలూ, దొర మనసు కరిగిందే! కోళ్లు ఇమ్మన్నాడు. చెక్కేది నేనేగా! పట్టెలూ నులకా మనం చూసుకుందాం."

నూకాలమ్మ చెప్పబోయి నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. గడుసు మనిషి.

ఊళ్లో నెలలు నిండినవాళ్లు అయిదుగురు. అంటే ఇరవై కోళ్లు. దొర కొత్త మంచాలకని ఆరబెట్టిన మద్ది ఉండనే ఉంది. మొదటి రోజు కోశాడు. రెండో రోజు చెక్కాడు. మూడో రోజు బెజ్జాలు కొట్టి పట్టెలు బిగించాడు. తిండీ లేదు, నిద్రా లేదు. నాలుగో పొద్దుకి అయిదిళ్లలో అయిదు మంచాలు.

అచ్చాయమ్మ మంచమెక్కి కూర్చుంది. "నాన్నా, కాళ్లు నేలకి అందడం లేదే!" అని కాళ్లూపుతూ చిన్నపిల్లలా నవ్వింది.

అప్పుడొచ్చారు దొర మనుషులు, గంపల్లో కోళ్లు పెట్టుకుని. ఇంటింటికీ నాలుగేసి కోళ్లు దింపారు. దింపుతూ మంచాలు చూశారు. నోళ్లు వెళ్లబెట్టి, పోయి దొరకి చెప్పారు. దొర భగ్గుమన్నాడు. "ఆ కోళ్లన్నీ ఇప్పుడే ఇక్కడికి పట్టుకురండి!"

వాళ్లు ఇప్పుడిప్పుడే పంచొచ్చింది ఏ కోళ్లని? పాపం, వాటికోసమే పరుగెత్తారు. గంపల్లోంచి వదిలిన కోడి మళ్లీ చేతికి చిక్కుతుందా? చూరెక్కిందొకటి, గాదె కింద దూరిందొకటి, ఏటిగట్టు పట్టిందొకటి. ఇరవై కోళ్లు పట్టేసరికి ఇటు పొద్దు అటు తిరిగింది. ఆ సందట్లోనే అచ్చాయమ్మకి నొప్పులొచ్చాయి.

ఒళ్లంతా ఈకలతో వచ్చి నిలబడ్డ మనుషుల్ని చూసి దొర తల బాదుకున్నాడు. "ఈ కోళ్లు కాదురా తలకాయ లేని వెధవల్లారా! మంచంకోళ్లు!" గొడ్డళ్లు పట్టించి తనే బయల్దేరాడు.

గుమ్మంలో నూకాలమ్మ చేతులు తుడుచుకుంటూ నిలబడింది. లోపల బిడ్డ ఏడుస్తోంది.

"ఆగండి దొరా. ఇప్పుడే పురుడొచ్చింది. పురిటి మంచం ముట్టుకుంటే పదకొండు రోజులు మైల. మీ ఇష్టం. రండి, విరగ్గొట్టండి."

గొడ్డళ్లవాళ్లు మూడడుగులు వెనక్కి వేశారు. సోమలింగం దొర కాళ్లమీద పడ్డాడు. "తప్పు విన్నది ఈ చెవి దొరా. దీన్ని కోయించండి. కోళ్ల జోలికి మాత్రం పోకండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

 దొర లోపలి బిడ్డ ఏడుపుకి చెవి ఒగ్గాడు. "మగా, ఆడా?" అన్నాడు.

"ఆడపిల్ల దొరా."

"మా వాడికంటే గట్టిగా ఏడుస్తోందే!"

"ఇద్దరి మంచాలూ ఒకే దుంగలో కర్ర దొరా" అన్నాడు సోమలింగం, అమాయకంగా.

దొర మొహం తిప్పుకున్నాడు. "పదకొండు రోజులు పోనీ, అప్పుడు చూస్తాను" అని వెళ్లిపోయాడు.

పిల్లకి మూడో రోజు గడిచింది. అయిదో రోజు గడిచింది. ఆరో రోజు తెల్లారి పిల్ల పాలకోసం గుక్కపెడితే సోమలింగం గోడ పట్టుకుని భోరుమన్నాడు. సంతోషం కూడా ఏడిపిస్తుంది మరి!

ఆలోగా మిగతా నలుగురికీ పురుళ్లొచ్చాయి. పదకొండు రోజులు తీరిన మంచాన్నల్లా నూకాలమ్మ కడిగించి, నెలలు నిండిన ఇంకొకరింటికి పంపేసింది. అక్కడ పురుడు తీరితే మరో ఇంటికి. చిత్తడిపాలెంలో కడుపులకేం కరువు! దొర మనుషులు ఎప్పుడొచ్చినా పురుడే, ఎప్పుడొచ్చినా మైలే. చూస్తాను, చూస్తాను అంటూనే దొర ముసలివాడైపోయాడు.

మిగతావాళ్లకి మాత్రం కట్టుబాటు అలాగే ఉండిపోయింది. ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకీ కోళ్లు చెక్కిన సోమలింగం చివరిదాకా నేలమీదే పడుకున్నాడు. పోయే ప్రాణాన్ని మంచమ్మీంచి కిందికి దింపుతారు కదా, ఆయన్ని దింపే పని ఎవరికీ పడలేదు.

ఇప్పుడు చిత్తడిపాలెంలో దొరలు లేరు. ఇంటింటికీ మంచాలున్నాయి, పరుపులున్నాయి. అయినా బిడ్డ పుట్టిన రోజు ఆ తండ్రి ఎంతటివాడైనా సరే, చాప కూడా లేకుండా వట్టి నేలమీద పడుకుంటాడు. సోమలింగం వంతు అంటారు దాన్ని. పొద్దున్నే ఇంటి పెద్దలొచ్చి అడుగుతారు.

"నేల చల్లగా ఉందా?"

"ఎముకలు కొరికేసింది."

"బిడ్డకి తగిలిందా?"

"తగల్లేదు."

"అయితే లే నాయనా, లేచి కాఫీ తాగు" అంటారు.