సంచిలో సంసారం

శాంతయ్యస్వామి ఆశ్రమంలో ఓబులేసుకు ధ్యానం తప్ప అన్ని పనులూ వచ్చు. కట్టెలు కొట్టేవాడు, ఆవు పాలు పితికేవాడు, గోడలకు సున్నం వేసేవాడు. కళ్లు మూసుకుని కూర్చుంటే మాత్రం కాళ్లు తిమ్మిరెక్కేవి, వీపు దురద పెట్టేది, వంటింట్లో దేనికి పోపు పెడుతున్నారో ముక్కుకు తెలిసిపోయేది.

ఏడాదిపాటు తంటాలు పడి, ఒక ఉదయం గురువుగారి ముందు నిలబడ్డాడు.

"స్వామీ, ఇది నాకు అబ్బేది కాదు. కుదురుగా కూర్చోలేనివాడికి ఇక్కడేం పని? ఊరికి పోతాను."

అన్నాడే గానీ, ఆ చోటన్నా, ఆయనన్నా వాడికి ప్రాణం.

స్వామి సొరకాయ తరుగుతున్నారు. "మంచిది నాయనా. సంచి సర్దుకో," అన్నారు.

వచ్చిన రోజు గోడకొయ్యకు తగిలించిన సంచిని ఓబులేసు మళ్లీ ముట్టుకోలేదు. దాన్ని దించి, చతికిలబడి ఒళ్లో పెట్టుకున్నాడు. సంచి అడుగంతా ఎవరో కొరికేశారు. అందులోంచి కొబ్బరిపీచు, దూది, వాడి పాత పంచె పీలికలు, వాటితోపాటు మూడు ఉడుతపిల్లలు ఒళ్లోకి జారాయి. అవి ఇంకా కళ్లు కూడా తెరవలేదు.

"స్వామీ, ఒకసారి ఇలా రండి," అని గుసగుసగా పిలిచాడు.

స్వామి వచ్చి చూశారు. పైన దూలం మీద తల్లి ఉడుత తోక ఎగరేస్తూ ఇద్దరినీ తిట్టిపోస్తోంది.

"కింద పెట్టావంటే చీమలు పట్టేస్తాయి. తల్లే వచ్చి తీసుకుపోతుందిలే. నువ్వు కదిలితే మాత్రం రాదు," అని చెప్పి, ఆయన మళ్లీ సొరకాయ దగ్గరికి వెళ్లిపోయారు.

ఓబులేసు కదల్లేదు. తల్లి గోడ మీదుగా సగం దాకా దిగి, భయపడి పారిపోయింది. మళ్లీ వచ్చింది. చివరికి వాడి మోకాలెక్కి, ఒక పిల్లను నోట కరుచుకుని చూరులోకి పరుగెత్తింది. వాడికి పట్టలేనంత నవ్వొచ్చింది. నవ్వితే ఒళ్లు కదులుతుందని ఆపుకున్నాడు. రెండోదాని కోసం అది చాలాసేపటికి గానీ రాలేదు. మూడోదాన్ని తీసుకెళ్లేసరికి ఆశ్రమంలో అందరి భోజనాలూ అయిపోయాయి.

స్వామి విస్తరాకు తెచ్చి వాడి ముందు వేశారు. "భోజనాల గంట కొట్టాం. వినపడలేదా?"

"లేదు స్వామీ. అది మోకాలెక్కి నా మొహంలోకి చూసింది స్వామీ. ఇంత దగ్గర్నించి." వాడి మొహం వెలిగిపోతోంది.

స్వామి అన్నం వడ్డించారు. "ఊరికి రేపు పోదువుగానిలే. పొద్దున ఇంకోసారి కూర్చో."

"రేపు ఎవరొస్తారు స్వామీ?"

"కూర్చుంటే గదా తెలిసేది," అన్నారు స్వామి.